కొండకు వచ్చే గాలివానను తెర మీద ఎలా చూపిద్దాం?

(దువ్వాడలో జరిగిన మన సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను రెండు విషయాలు చెప్పమన్నారు. స్లైడ్లు ఎలా తయారుచేసుకోవాలి అనేది ఒకటి. భూమి వేడెక్కుతుంటే తుపానులు ఎలా మారతాయి అనేది రెండోది. ఈ రెండింటికీ సంబంధం ఏమిటి అనిపించవచ్చు. మీలో చాలామంది దువ్వాడ, కూర్మన్నపాలెం, గాజువాక వైపు ఉండి చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. పండక్కి ఊరెళ్లినప్పుడు బడిలోనో, గ్రామసభలోనో ల్యాప్‌టాప్ తెరిచి నాలుగు ముక్కలు చెప్పమని మిమ్మల్నే అడుగుతారు. అక్కడ మీరు చూపించే పది బొమ్మలనే ఊరు గుర్తుపెట్టుకుంటుంది. అందుకని రెండూ కలిపే మాట్లాడతాను.

తుపాను మీద మనవాళ్లు చేసే స్లైడ్లలో మొదటిది దాదాపు ఎప్పుడూ ఒకటే. పెద్ద అల, ఆర్కే బీచ్ రోడ్డు, విరిగిన కొబ్బరిచెట్టు. బొమ్మ బాగానే ఉంటుంది. అయితే ఆ అల పాడేరు రాదు, అనంతగిరి రాదు, చింతపల్లి అసలే రాదు. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ ఆ బొమ్మ చూడగానే ఇది సముద్రం పక్కనోళ్ల గొడవ అనుకుని వక్కాకు తీసుకుంటుంది. ఆమెది తప్పా? మనం చూపించింది ఆమె ఊరు కాదు మరి.

హుద్‌హుద్ సంగతి తీసుకుందాం. 2014 అక్టోబర్ 12, ఆదివారం మధ్యాహ్నం, గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖ దగ్గరే తీరం దాటింది. తుపాను కన్ను నగరం మీదుగా వెళ్లింది. కొంతసేపు గాలి ఆగిపోతే, అయిపోయిందనుకుని జనం బయటికి వచ్చారు. ఆ తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొట్టింది. విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది, ఉక్కు కర్మాగారంలో ఉత్పత్తి ఆగింది, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఇదంతా టీవీల్లో వచ్చింది. కొండల్లో జరిగింది అంతగా రాలేదు. అరకు, అనంతగిరి, పాడేరు వైపు కాఫీకి నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు లెక్కలేనన్ని కూలిపోయాయి. అది ఆస్ట్రేలియా చెట్టు. తొందరగా, నిటారుగా పెరుగుతుంది కానీ కర్ర పెళుసు, గట్టి గాలికి విరుగుతుంది. చెట్టుతోపాటు దాన్ని పట్టుకుని పాకిన మిరియాల తీగ పోయింది. కింద ఉన్న కాఫీ మొక్క మీద కొమ్మలు పడ్డాయి, పడని చోట నీడ పోయి ఎండ తగిలింది. కోతలకు నెలా నెలన్నర ముందు జరిగిన నష్టం అది. మళ్లీ నీడ రావాలంటే ఏళ్లు పడుతుంది. రోడ్డు మీద చెట్లు పడి ఊళ్లకు దారి లేకుండా పోయింది.

ఆ తుపాను అక్కడితో ఆగలేదు. బలహీనపడుతూ ఉత్తరానికి పోయి, రెండు రోజుల తర్వాత నేపాల్‌లో అన్నపూర్ణ కొండల మీద మంచుగా కురిసింది. ఆ మంచు తుపానులో, విరిగిపడిన మంచుచరియల కింద నలభైమందికి పైగా చనిపోయారు. సముద్రానికి ఎంత దూరమో చూడండి.

ఇంకా దగ్గరి ఉదాహరణ తిత్లీ. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి, అందరికీ తెలుసు. తీరం దాటాక అది ఈశాన్యం వైపు తిరిగి, ఒడిశా గజపతి జిల్లా కొండల మీద కుండపోతగా కురిసింది. గజపతి జిల్లాకు సముద్ర తీరమే లేదు. అయినా ఒడిశాలో ఎక్కువ ప్రాణనష్టం అక్కడే జరిగింది. బరఘర అనే ఊళ్లో, వానకు తలదాచుకుందామని కొండ పక్కన గుహలాంటి చోట చేరిన జనం మీద కొండచరియ విరిగిపడింది. పదిమందికి పైగా పోయారు. వాళ్లూ మనలాంటి కొండవాళ్లే. గాలి వాళ్లను చంపలేదు. నీళ్లు తాగి బరువెక్కిన కొండ చంపింది.

మన ఊళ్లలో చూపించే మొదటి స్లైడ్ ఇది కావాలి: తుపాను కొండకు నీళ్ల రూపంలో వస్తుంది. ఒక్క వాక్యం చాలు. కింద అల బొమ్మ వద్దు, మీ ఊరి గెడ్డ ఫొటో పెట్టండి. వేసవిలో తీసింది ఒకటి, భారీ వాన మర్నాడు తీసింది ఒకటి, పక్కపక్కనే. ఎవరికీ వివరించనక్కర్లేదు.

ఇప్పుడు వాతావరణ మార్పు సంగతికి వద్దాం. ఇక్కడే మన స్లైడ్లు ఎక్కువగా పట్టు తప్పుతాయి. "భూతాపం వల్ల తుపానులు పెరిగిపోతున్నాయి" అని ఎర్ర అక్షరాలతో రాసి వదిలేస్తాం. శాస్త్రజ్ఞులు అలా అనడం లేదు. మన భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో భారత ప్రాంతపు వాతావరణ మార్పు మీద ఒక నివేదిక ఇచ్చింది. అందులో ఏముందంటే, 1951 నుంచి 2018 వరకు చూస్తే బంగాళాఖాతం, అరేబియా సముద్రం కలిపి ఏడాదికి వచ్చే తుపానుల సంఖ్య తగ్గింది. అదే సమయంలో, వానాకాలం తర్వాతి నెలల్లో అతి తీవ్ర తుపానులు 2000 తర్వాత దశాబ్దానికి ఒకటి చొప్పున పెరిగాయి. ఈ మార్పులకు మనుషులు తెచ్చిన వేడే కారణమని చెప్పగల స్పష్టమైన ఆనవాలు ఇంకా కనపడలేదని కూడా అదే నివేదిక రాసింది. ముందు ముందు మాత్రం మన సముద్రాల్లో తుపానుల తీవ్రత పెరుగుతుందని నమూనాలు చెబుతున్నాయి.

అంటే తక్కువ తుపానులు, వచ్చినవాటిలో బలమైనవి ఎక్కువ. ప్రపంచం మొత్తం మీద ఐపీసీసీ చెప్పేది కూడా ఇంచుమించు ఇదే. అట్లాంటిక్‌లో హరికేన్ అంటారు, పసిఫిక్ పడమటి వైపు టైఫూన్ అంటారు, మనం తుపాను అంటాం. మూడూ ఒకటే. సముద్రం పైనీళ్లు సుమారు 26.5 డిగ్రీలు దాటి వేడిగా ఉండాలి, పైగాలి, కిందిగాలి మధ్య తేడా తక్కువగా ఉండాలి. అప్పుడు సుడి కుదురుకుంటుంది. బంగాళాఖాతం ఏడాదిలో చాలా భాగం వేడిగానే ఉంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో కింద ఒకవైపు, పైన మరోవైపు వీచే గాలులు సుడిని నిలవనివ్వవు. అందుకే మనకు బలమైన తుపానులు వేసవి చివర, మళ్లీ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వస్తాయి.

ఈ సంగతి తెలియకపోతే ఒక పొరపాటు స్లైడ్ తయారవుతుంది. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబర్ 12న. హుద్‌హుద్ సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న. తిత్లీ 2018 అక్టోబర్ 11న. మూడు తేదీలూ పక్కపక్కన పెట్టి "ఇదిగో వాతావరణ మార్పు" అంటే హాలంతా చప్పట్లు కొడుతుంది. అది మన అక్టోబర్ కాలం తప్ప ఇంకేమీ కాదు. మూడు చుక్కలు కలిపితే గీత వస్తుంది, రుజువు రాదు.

ఇంకో చిక్కు ఉంది. ఇది లెక్కలు సరిచూసేవాళ్లకు మాత్రమే దొరుకుతుంది. మన వాతావరణ శాఖ తుపానులకు పెట్టే తరగతులు మధ్యలో మారాయి. గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటే తుపాను, 89 దగ్గర తీవ్ర తుపాను, 118 దగ్గర అతి తీవ్ర తుపాను. 166 దాటినదాన్ని "అత్యంత తీవ్ర తుపాను" అని విడిగా పిలవడం మొదలైంది 2015లో. హుద్‌హుద్‌ను 2014లో అతి తీవ్ర తుపాను అనే అన్నారు. అదే గాలితో ఇప్పుడు వస్తే అత్యంత తీవ్రం అంటారు. పేర్ల ఆధారంగా మీరు గ్రాఫ్ గీస్తే 2015కు ముందు అత్యంత తీవ్ర తుపానులు సున్నా, తర్వాత ఒక్కసారిగా లేచినట్టు కనపడుతుంది. సముద్రం మారలేదు, రిజిస్టర్‌లో గడి మారింది. కాబట్టి గ్రాఫ్ గాలి వేగంతో గీయండి, పేరుతో గీయకండి. ఉపగ్రహాలు రాకముందు నడిసముద్రంలో పుట్టి అక్కడే పోయిన తుపానుల్లో కొన్ని ఎవరి కంటా పడలేదన్నది కూడా గుర్తుండాలి.

మరణాల గ్రాఫ్ అయితే ఇంకో కథ చెబుతుంది. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు పదివేలమంది పోయారు. హుద్‌హుద్‌లో మన రాష్ట్రంలో పదుల్లో. దీన్ని చూపించి తుపానులు మెత్తబడ్డాయంటే ఎవరూ ఒప్పుకోరు. హెచ్చరికలు ముందే వచ్చాయి, జనాన్ని ముందే తరలించారు, అది తేడా. ఒక గ్రాఫ్ తెర మీద పెట్టేముందు, ఇది గాలిని కొలుస్తోందా, వాననా, మన ఏర్పాట్లనా అని మిమ్మల్ని మీరు అడగండి.

ఇన్ని అనుమానాలు చెబుతున్నాడు, ఖాయంగా చెప్పగలిగింది ఏదీ లేదా అంటారా? ఉంది. అది వాన. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. ఇది నూటయాభై ఏళ్లకు పైగా తెలిసిన భౌతికశాస్త్రం. అందువల్ల వెచ్చని లోకంలో అదే తుపాను ఎక్కువ నీళ్లు కుమ్మరిస్తుంది. 2017 ఆగస్టులో అమెరికాలో హ్యూస్టన్ ప్రాంతాన్ని ముంచిన హార్వీ హరికేన్ కొన్నిచోట్ల 1500 మిల్లీమీటర్లు దాటి కురిసింది. ఆ వానలో సుమారు 15 శాతం పెరుగుదల భూతాపం వల్లే వచ్చిందని ఒక శాస్త్రజ్ఞుల బృందం లెక్కగట్టింది. భూమి 2 డిగ్రీలు వేడెక్కితే తుపాను వాన ప్రపంచ సగటున సుమారు 14 శాతం, గాలి వేగం సుమారు 5 శాతం పెరగవచ్చని 2020లో వచ్చిన అంచనా. రెండు అంకెల్లో పెద్దది వానది. శాస్త్రం ఎక్కువ నమ్మకంతో చెప్పే సంగతే కొండవాళ్లకు ఎక్కువ ప్రమాదకరమైనది. ఈ సంగతి మన స్లైడ్లలో ఒక్కసారి కూడా కనపడకపోవడం నాకు బాధ.

వాన అంకెను ఊరివాళ్లకు ఎలా చూపించాలి? వాతావరణ శాఖ 24 గంటల్లో 204.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితే అత్యంత భారీ వర్షం అంటుంది. మిల్లీమీటర్లు ఎవరికి కావాలి? అది ఒక జానెడు నీళ్లు. మీ ఇల్లు, వాకిలి, చేను, కొండ, అన్నిటి మీదా ఒకే రోజులో జానెడు. ఎకరానికి లెక్కేస్తే ఎనిమిది లక్షల లీటర్లకు పైగా. ఇక్కడ మన కాలనీలకు వచ్చే ఐదువేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లతో కొలిస్తే 160 ట్యాంకర్లు. ఆ 14 శాతం కలిపితే ఎకరానికి ఇంకో ఇరవైకి పైగా ట్యాంకర్లు. కొండవాలు మీద ఎన్ని ఎకరాలుంటాయో వాళ్లకే తెలుసు, మీరు చెప్పనక్కర్లేదు. ఈ స్లైడ్ మీద ఒక చెయ్యి బొమ్మ, జాన చాపి, పక్కన ట్యాంకర్ బొమ్మ. అంకె ఒక్కటే: 160.

ఎక్కువ రాస్తే ఏమవుతుందో ఒక ఉదంతం చెబుతాను. కల్పనా చావ్లా పేరు మీకందరికీ తెలుసు. 2003 జనవరి 16న కొలంబియా వ్యోమనౌక ఎగిరినప్పుడు, ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. అది ప్రమాదమా కాదా అని ఇంజనీర్లు పరిశీలించి, నౌక ఇంకా అంతరిక్షంలో ఉండగానే అధికారులకు స్లైడ్లు చూపించారు. వాటిలో ఒక స్లైడ్ శీర్షిక చూస్తే ఫరవాలేదన్నట్టు ఉంటుంది. దాని కింద బుల్లెట్లు, ఉప బుల్లెట్లు, వాటికింద మరో వరస. అన్నిటికన్నా అడుగున, చిన్న అక్షరాల్లో, ప్రయోగశాలలో పరీక్షించిన ముక్క 3 ఘనపు అంగుళాలు, తగిలిన ముక్క అంచనా 1920 ఘనపు అంగుళాలు అని ఉంది. అంటే 640 రెట్లు. పరీక్షలు ఏమీ నిరూపించలేదన్న మాట ఆ ఒక్క అంకెలోనే ఉంది. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలైపోయింది. కల్పనతో కలిపి ఏడుగురూ పోయారు. ఆ స్లైడ్ ఒక్కటే కారణమని ఎవరూ అనలేదు. కానీ విచారణ సంఘం తన నివేదికలో దానికి ఒక పేజీ కేటాయించింది, ఎడ్వర్డ్ టఫ్టీ అనే పండితుడు చేసిన విశ్లేషణతో సహా.

కాబట్టి శీర్షిక దగ్గరే అసలు మాట చెప్పేయండి. "వర్షపాతం వివరాలు" అన్నది శీర్షిక కాదు, ఫైలు పేరు. "జానెడు వాన పడితే ఈ వాలు కింద ఎవరూ పడుకోకూడదు" అన్నది శీర్షిక. ఒక స్లైడ్‌కు ఒక మాట. మీ నోటితో చెప్పేది మళ్లీ తెర మీద రాయకండి. రాసింది చదువుతూ మీ మాట వినరు, చదువు రానివాళ్లయితే రెండింటికీ దూరమవుతారు. తెలుగులో ఇంకో ఇబ్బంది, మన అక్షరాలకు గుడి, సుడి, వత్తు ఉంటాయి. చిన్నగా పెడితే వెనక వరసకు అన్నీ నల్ల చుక్కలే. ఎగిరే అక్షరాలు, చప్పుళ్లు మానేయండి.

ఎంత నమ్మకంతో చెబుతున్నామో కూడా స్లైడ్ మీద ఉండాలి. ఐపీసీసీ వాళ్లు దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. వాళ్ల భాషలో "అవకాశం ఉంది" అంటే కనీసం 66 శాతం, "చాలా అవకాశం ఉంది" అంటే కనీసం 90 శాతం. మనకు అంత అక్కర్లేదు. మూల ఒక గుర్తు పెట్టండి చాలు. ఖాయమైనదానికి నిండు వృత్తం, అంచనాకు సగం, ఇంకా తేలనిదానికి ఖాళీ వృత్తం. వాన పెరుగుతుంది, నిండు. బలమైన తుపానుల వాటా పెరుగుతుంది, సగం దాటి. మన ఊరి మీద వచ్చే ఏడాది ఏం జరుగుతుంది, ఖాళీ. తెలియనిదాన్ని తెలియదని చూపించినవాడి మాట, తెలిసినది చెప్పినప్పుడు నమ్ముతారు.

వాతావరణ శాఖ మ్యాప్ వాడితే ఒక జాగ్రత్త. తుపాను దారి మీద గరాటులాగా వెడల్పవుతూ పోయే ఆకారం ఒకటి ఉంటుంది. చాలామంది అది తుపాను సైజు అనుకుంటారు. తుపాను కేంద్రం ఎటువైపు పోవచ్చో చెప్పే అంచనా హద్దు అది. మన ఊరు ఆ గరాటు బయట ఉన్నా వాన రాదని కాదు. తుపాను మబ్బు వందల కిలోమీటర్లు పరుచుకుంటుంది. అలాగే ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు చూపించేటప్పుడు రంగు పక్కన మాట కూడా రాయండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనపడని కళ్లు ఉంటాయి, పైగా పాత ప్రొజెక్టర్‌లో నారింజ, ఎరుపు రెండూ ఒకటే.

అసలు స్లైడ్, అందరికన్నా ఎక్కువసేపు తెర మీద ఉంచాల్సింది, కొండ ఇచ్చే గుర్తులది. వాలు మీద కొత్తగా పగుళ్లు రావడం. నిటారు చెట్లు ఒరగడం. గెడ్డ నీళ్లు ఉన్నట్టుండి బురదగా మారడం. వాన పడుతూనే ఉన్నా గెడ్డ ఒక్కసారిగా తగ్గిపోవడం, అంటే పైన ఎక్కడో అడ్డుపడిందని అర్థం. రాళ్లు దొర్లుతున్న చప్పుడు. వీటిలో ఏ ఒక్కటి కనపడినా రాత్రయినా సరే వాలు కిందనుంచి, గెడ్డ గట్టు నుంచి పక్కకు పోవాలి. ఈ స్లైడ్ మీ మాటలతో పూర్తికాదు. అక్కడ ఆపి, మన ఊళ్లో ఇంతకుముందు ఎక్కడ విరిగింది తాతా అని అడగండి. పెద్దవాళ్లు చోటు చూపిస్తారు. ఆ చోటును ఊరి మ్యాప్ మీద వాళ్ల ఎదుటే గుర్తుపెట్టండి. ఏ ఉపగ్రహం దగ్గరా లేని సమాచారం అది.

భాష సంగతి. హెచ్చరికలు ఫోన్‌లో తెలుగులో, ఇంగ్లీషులో వస్తాయి. కువి, గదబ, పోర్జ, ఆదివాసీ ఒరియా మాట్లాడే ఇళ్లలో పెద్దవాళ్లకు "వాయుగుండం", "అప్రమత్తం" లాంటి మాటలు రేడియో గోలే. మీ ఊరి మాటలో చెప్పండి. స్లైడ్ మీద తెలుగు ఉన్నా, నోటి మాట ఇంటి మాట కావాలి. గాలివానకు, విరిగే కొండకు, పొంగే గెడ్డకు మీ భాషలో మాట ఉండే ఉంటుంది. అవ్వను అడిగి రాసుకురండి.

ఇక కరెంటు. తుపాను గురించి చెప్పాల్సిన రోజున కరెంటు ఉండదు, ఇది ఖాయం. నిండు వృత్తం వేసుకోండి. ముఖ్యమైన మూడు స్లైడ్లు పెద్ద కాగితాల మీద అచ్చువేయించి, ప్లాస్టిక్ కవర్ తొడిగి బడి గోడకు, సంత దగ్గర కొట్టుకు కట్టండి. జానెడు నీళ్లది, కొండ గుర్తులది, ఎటు పోవాలో చూపించే మ్యాప్.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రొజెక్టర్ ఇక్కడే ఉంది, భోజనానికి ఇంకా గంట ఉంది. ఎవరి పెన్‌డ్రైవ్‌లో స్లైడ్లు ఉన్నాయో పట్టుకురండి. అల బొమ్మ ఉన్నవాళ్లు ముందు రండి.